పాలమూరు గుట్టలలో ఆవ మొక్క బంధువులు: హెర్బేరియం రికార్డులను చదవడం, నింపడం

ఆవ, ముల్లంగి, క్యాబేజి, కాలీఫ్లవర్ మొదలైన పంటలన్నీ బ్రాసికేసీ కుటుంబానికి చెందినవి. పువ్వులోని నాలుగు ఆకర్షణ పత్రాలు శిలువ ఆకారంలో అమరి ఉండటం వలన పూర్వపు వృక్షశాస్త్రజ్ఞులు ఈ కుటుంబాన్ని క్రూసిఫెరే అని పిలిచారు. సుమారు 340 ప్రజాతులు, 4,000 వరకు జాతులు గల ఈ కుటుంబంలో సాగులోకి వచ్చినవి బహు కొద్ది. మిగిలినవన్నీ అడవి మొక్కలే. చీడపీడలను, చలిని, నీటి ఎద్దడిని తట్టుకొనే గుణాల కోసం ప్రజనన శాస్త్రవేత్తలు ఈ అడవి మొక్కలనే ఆశ్రయిస్తున్నారు. ఏ మొక్క ఎక్కడ, ఏ ఎత్తున, ఏ కాలంలో పెరిగిందో తెలుసుకొనడానికి నమ్మదగిన ఆధారం హెర్బేరియంలో భద్రపరచిన ఎండు నమూనా, దానిపై అంటించిన లేబుల్.

ఈ రికార్డులను దక్షిణ తెలంగాణ మెట్ట ప్రాంతానికి, అందులోనూ వనపర్తి జిల్లా కొత్తకోట పరిసరాలకు అన్వయించేటప్పుడు రెండు విషయాలలో జాగ్రత్త అవసరం. ఒక మొక్కకు రికార్డు లేనంత మాత్రాన ఆ మొక్క ఇక్కడ లేదని తీర్మానించరాదు. లేబుల్‌పై మన ఊరి పేరు కనిపించినంత మాత్రాన ఆ నమూనా మన ఊరిదేనని నమ్మరాదు. ఈ రెండింటికీ కారణాలు మన ప్రాంత చరిత్రలోనే ఉన్నవి. వాటిని వివరించి, విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు ఈ లోటును పూరించగల మార్గాన్ని సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కొండల కుటుంబం

బ్రాసికేసీ ప్రధానంగా సమశీతోష్ణ మండలపు కుటుంబం. మధ్యధరా తీరం మొదలుకొని ఇరాన్, మధ్య ఆసియా వరకు గల భూభాగంలో దీని వైవిధ్యం అత్యధికం. ఉష్ణమండలంలో ఈ కుటుంబపు అడవి మొక్కలు ఎక్కువగా చల్లని పర్వతాలను ఆశ్రయించి ఉంటాయి. హిమాలయాలలో ద్రాబా, కార్డమైన్, లెపిడియం మొదలైన ప్రజాతులు విరివిగా ఉన్నవి. లడఖ్‌లో 6,150 మీటర్ల ఎత్తున, మరే పుష్పించే మొక్కా సులభంగా నిలువలేని చోట, ద్రాబా ప్రజాతి మొక్కలు నమోదైనవి. దక్షిణాదిన నీలగిరుల చల్లని తేమ నేలలలో కార్డమైన్ ఆఫ్రికానా వంటివి పెరుగుతాయి.

మన గుట్టల స్థితి వేరు. నల్లమల శిఖరాలలో ప్రసిద్ధమైన భైరానికొండ ఎత్తు 929 మీటర్లు, గుండ్ల బ్రహ్మేశ్వరం ఎత్తు 903 మీటర్లు. కొత్తకోట, మదనాపురం, పెద్దమందడి మండలాల భూమి ఐదు వందల మీటర్లకు లోబడినదే. ఎర్ర చెల్క నేలలు, నడుమ నడుమ గ్రానైటు గుట్టలు, ఘనపురం, కురుమూర్తి వంటి చోట్ల రాతి కొండలు, వేసవిలో తీవ్రమైన ఎండ, వానాకాలంలో నాలుగు నెలల తేమ ఇక్కడి పరిస్థితి. ఇటువంటి చోట ఆవ కుటుంబపు అడవి మొక్కలు సహజంగానే అరుదు. కాలువల ఒడ్డున, వరి మడుల గట్లపై తడి నేలలను వెదికితే రోరిప్పా వంటి చిన్న మొక్కలు ఎదురుపడవచ్చు. పొలం పక్కన, చెత్తకుప్పల వద్ద ఒంటరిగా కనిపించే ఆవ మొక్కలు చాలావరకు వంటింటి గింజ జారిపడి మొలిచినవే. వాటిని సేకరించినప్పుడు ఆ సంగతి లేబుల్‌పై తప్పక రాయాలి. లేనిచో కొన్నేళ్ళ తరువాత చదివే పరిశోధకుడు దానిని సహజంగా పెరిగే మొక్కగా లెక్కించే ప్రమాదం ఉన్నది.

ఆ స్థానాన్ని నింపిన వామింట

ఆవ కుటుంబం వెనుకబడిన ఈ మెట్టలో దానికి అతి సన్నిహితమైన మరొక కుటుంబం పుష్కలంగా ఉన్నది. అది వామింట కుటుంబమైన క్లియోమేసీ. పాత గ్రంథాలలో వామింట మొక్కలను ఉలిమిడి, కప్పారిస్ పొదలు వంటి వాటితో కలిపి కప్పారిడేసీలో చేర్చేవారు. డీఎన్‌ఏ ఆధారాలతో రూపొందిన 1998 నాటి ఏపీజీ వర్గీకరణ ఆవ, వామింట, కప్పారిస్ మొక్కలన్నిటినీ ఒకే బ్రాసికేసీలో కలిపింది. తరువాతి పరిశోధనలలో వామింట మొక్కలు కప్పారిస్ కంటే ఆవకే దగ్గరి చుట్టాలని తేలింది. 2009 నాటి ఏపీజీ మూడవ వర్గీకరణ మూడింటినీ వేర్వేరు కుటుంబాలుగా స్థిరపరచింది.

మన పొలాలలో తరచుగా కనిపించేవి రెండు. మొదటిది వామింట, అనగా క్లియోమ్ గైనాండ్రా. మూడు నుంచి ఏడు వరకు, సాధారణంగా ఐదు పత్రకాలు గల ఆకు, తెలుపు లేదా లేత గులాబి పువ్వు, పువ్వు నడుమ నుంచి లేచిన పొడవైన కాడపై ఆరు కేసరాలు, అండాశయం ఉండటం దీని గుర్తులు. రెండవది కుక్క వామింట, అనగా క్లియోమ్ విస్కోసా. ఒళ్ళంతా జిగురు నూగు, పసుపు పువ్వు, ఆరుకు మించి అనేక కేసరాలు, కాడ లేని అండాశయం దీని లక్షణాలు. వీటితో పాటు గులాబి పూల క్లియోమ్ చెలిడోనియై, ఒంటి ఆకు గల క్లియోమ్ మోనోఫిల్లా కూడా దక్కనులో పెరిగేవే.

కుక్క వామింటకు ఇంగ్లీషులో గల వాడుక పేర్లలో ‘అడవి ఆవ’ అనే అర్థమిచ్చే పేరు ఒకటి. దీని గింజలు ఆవగింజలను తలపిస్తాయి. గఢ్వాల్ కొండలలో ‘జఖియా’ పేరుతో ఈ గింజలనే పోపులో వేస్తారు. కనుక వాడుక పేరుతో మాత్రమే నమోదైన ‘అడవి ఆవ’ ఏ కుటుంబానికి చెందినదో తెలియదు. కాయను కోసి చూడటమే దీనికి పరిష్కారం. ఆవ కుటుంబపు కాయలో నిలువునా పలుచని అడ్డుపొర ఉండి లోపలి భాగం రెండు గదులుగా విడిపోతుంది. వామింట కాయలో అడ్డుపొర లేదు, గది ఒక్కటే. ఆవ పువ్వులో ఆరు కేసరాలలో నాలుగు పొడవుగాను, రెండు పొట్టిగాను ఉంటాయి. పూలతో మాత్రమే సేకరించిన నమూనా జాతి నిర్ధారణకు చాలకపోవడం ఈ రెండు కుటుంబాలలోనూ సాధారణం. పూవు, కాయ, గింజ మూడూ గల షీటే పనికి వచ్చే షీటు.

సరిహద్దులు గీసిన రికార్డులు

తెలుగు నేలపై శాస్త్రీయ సేకరణ తీరప్రాంతంలో మొదలైనది. విలియం రాక్స్‌బర్గ్ 1781 నుంచి 1793 వరకు సామర్లకోట కేంద్రంగా మొక్కలను సేకరించి, చిత్రింపజేసి, వాటి తెలుగు పేర్లను కూడా నమోదు చేశాడు. కోరమండల్ తీరపు మొక్కలపై ఆయన గ్రంథం మూడు సంపుటాలుగా 1795, 1820 మధ్య వెలువడింది. తరువాత కాలంలో జె. ఎస్. గాంబుల్ ప్రారంభించగా సి. ఇ. సి. ఫిషర్ పూర్తి చేసిన ‘ఫ్లోరా ఆఫ్ ది ప్రెసిడెన్సీ ఆఫ్ మద్రాస్’ 1915 నుంచి 1936 వరకు భాగాలుగా వచ్చింది. నేటికీ దక్షిణ భారత వృక్షశాస్త్ర విద్యార్థి మొదట తెరిచే గ్రంథాలలో ఇది ఒకటి.

ఆ గ్రంథం పేరులోనే దాని హద్దు ఉన్నది. కృష్ణకు దక్షిణాన గల కర్నూలు జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనిది కాగా, ఉత్తరాన గల మహబూబ్‌నగర్ జిల్లా నిజాం రాజ్యంలోనిది. నల్లమల ఒకే అడవి అయినప్పటికీ నదికి ఒక వైపు మద్రాసు అటవీ అధికారుల సేకరణ పరిధిలోకి వచ్చింది, రెండవ వైపు ఆ గ్రంథ పరిధికి వెలుపల ఉండిపోయింది. కాబట్టి గాంబుల్ గ్రంథంలో ఒక మొక్కకు కర్నూలు పేరు ఉండి పాలమూరు పేరు లేకపోతే, అది మొక్క విస్తరణకు సంబంధించిన సమాచారం అనిపించుకోదు. ఆనాటి పరిపాలనా సరిహద్దుకు సంబంధించిన సమాచారం మాత్రమే.

హైదరాబాదు రాజ్యంలో ఈ పని ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడిన తరువాత ఊపందుకొన్నది. ఎం. సయీదుద్దీన్ 1930వ దశకంలో రాజ్యంలోని సాధారణ పుష్పించే మొక్కలపై వ్యాసాలు ప్రకటించారు. స్వాతంత్ర్యానంతరం భారత వృక్షశాస్త్ర సర్వేక్షణ సంస్థకు చెందిన జె. ఎల్. ఎల్లిస్ నల్లమల వృక్షసంపదపై రెండు సంపుటాలను 1987, 1990లలో వెలువరించారు. అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో టి. పుల్లయ్య నాయకత్వంలో జిల్లాల వారీ సేకరణ జరిగి, 1997లో ‘ఫ్లోరా ఆఫ్ ఆంధ్రప్రదేశ్’ సంపుటాలకు దారితీసింది. నేడు మన ప్రాంతపు నమూనాలను వెదకవలసిన చోట్లు ఇవి: కోయంబత్తూరులోని మద్రాస్ హెర్బేరియం, హైదరాబాదులోని సర్వేక్షణ సంస్థ దక్కను ప్రాంతీయ కేంద్రం, ఉస్మానియా, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయాల హెర్బేరియాలు, హావ్‌డాలోని కేంద్ర జాతీయ హెర్బేరియం. సర్వేక్షణ సంస్థ 2022లో ప్రారంభించిన ‘ఇండియన్ వర్చువల్ హెర్బేరియం’ ద్వారా లక్షకు పైగా షీట్ల చిత్రాలను కూర్చున్న చోటి నుంచే చూడవచ్చు.

సరిహద్దుతో పాటు మరొక అసమానత కూడా ఉన్నది. సేకర్తలు సహజంగా అడవులను, శిఖరాలను, అరుదైన మొక్కలను వెదుక్కుంటూ వెళ్ళారు. అమ్రాబాదు పీఠభూమికి వెళ్ళే దారిలోని వేరుశనగ చేను, కంది చేను గట్టు వారిని ఆపలేదు. వామింట వంటి అతి సాధారణ మొక్కను ప్రత్యేకంగా ఎండబెట్టి దాచాలనే ఆలోచన ఎవరికో గాని కలగదు. అందువలన ప్రతి రైతుకూ తెలిసిన మొక్కకే మండల స్థాయి రికార్డు దొరకడం కష్టమవుతుంది.

పేరు మారిన మొక్క, పేరు కలిసిన ఊరు

పాత రికార్డులను వెదికేవారికి ఎదురయ్యే మొదటి చిక్కు మొక్క పేరు. లిన్నేయస్ 1753లో క్లియోమ్ గైనాండ్రా అని పెట్టిన పేరు తరువాత క్లియోమ్ పెంటాఫిల్లాగా, గైనాండ్రాప్సిస్ పెంటాఫిల్లాగా, గైనాండ్రాప్సిస్ గైనాండ్రాగా పలు గ్రంథాలలో కనిపిస్తుంది. కుక్క వామింట క్లియోమ్ విస్కోసాగా, క్లియోమ్ ఐకొసాండ్రాగా, పొలనీసియా ఐకొసాండ్రాగా, ఇటీవల అరివేలా విస్కోసాగా నమోదై ఉన్నది. హెర్బేరియంలో షీట్లను పేరును బట్టి అట్టలలో సర్దుతారు. ఒకే పేరుతో వెదికినవారికి మిగిలిన అట్టలలోని షీట్లు దొరకవు. కుటుంబం పేరు మారినప్పుడు బీరువా కూడా మారవచ్చు. కాబట్టి వెదకడానికి ముందే పర్యాయ నామాల పట్టిక సిద్ధం చేసుకొనడం అవసరం.

రెండవ చిక్కు ఊరి పేరు. నేటి వనపర్తి జిల్లా కొత్తకోట 1956కు ముందు హైదరాబాదు రాష్ట్రంలోనిది. 1956 నవంబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో, 2014 జూన్ 2 నుంచి తెలంగాణలో ఉన్నది. 2016 అక్టోబరు 11 వరకు దాని జిల్లా మహబూబ్‌నగర్. ఒకే గట్టుపై వేర్వేరు కాలాలలో సేకరించిన నాలుగు నమూనాల లేబుళ్ళపై నాలుగు రకాల చిరునామాలు ఉండవచ్చు.

అంతకంటే పెద్ద ప్రమాదం ఒకే పేరు గల ఊళ్ళతో వస్తుంది. పూర్వపు చిత్తూరు జిల్లాలో హార్సిలీ హిల్స్ పాదాన బి. కొత్తకోట ఉన్నది. పూర్వపు విశాఖపట్నం జిల్లా రావికమతం మండలంలో మరొక కొత్తకోట ఉన్నది. మన కొత్తకోట 16.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం సమీపంలో ఉండగా, బి. కొత్తకోట 13.7 డిగ్రీల సమీపంలో, సుమారు 300 కిలోమీటర్ల దక్షిణాన ఉన్నది. హార్సిలీ హిల్స్ ఎత్తు దాదాపు 1,265 మీటర్లు. ‘కొత్తకోట గుట్టలు’ అని మాత్రమే రాసి ఉన్న ఒక షీటును ఊహించండి. దానిని కంప్యూటరులో నమోదు చేసే వ్యక్తి ఏ కొత్తకోటను ఎన్నుకొంటే మొక్క అక్కడిదవుతుంది. చల్లని కొండపై పెరిగిన మొక్క చెల్క నేల మొక్కగా మారిపోతుంది. ఆ అంకెలతో వాతావరణ అనుకూలత నమూనా తయారు చేస్తే, లేని చోట మొక్క ఉన్నట్లు, ఉన్న చోట లేనట్లు పటం వస్తుంది. ఇటువంటి సందర్భంలో సేకర్త పేరు, సేకరణ సంఖ్య, తేదీ తోడ్పడతాయి. అదే సేకర్త ముందు రోజు, మరుసటి రోజు ఎక్కడ సేకరించాడో చూస్తే ఊరు తేలిపోతుంది. తేలకపోతే ఆ రికార్డును ‘స్థలం అనిశ్చితం’ అని గుర్తించి విశ్లేషణ నుంచి తప్పించడమే న్యాయం.

రికార్డు వలన ప్రయోజనం

ఇంత శ్రమ దేనికి అనే ప్రశ్నకు సిక్కిం ఒక సమాధానం. జోసెఫ్ హుకర్ 1849, 1850లలో అక్కడ నమోదు చేసిన ఎత్తులను నేటి సర్వేలతో పోల్చి, 2013లో ఒక అధ్యయనం వెలువడింది. పరిశీలించిన 124 స్థానిక జాతులలో 87 శాతం తమ ఎత్తు పరిధిని మార్చుకొన్నట్లు అందులో తేలింది. హుకర్ ఎత్తులు రాసి ఉండకపోతే ఈ మార్పును కొలిచే సాధనం ఉండేది కాదు. మన గుట్టలకు ఆ పోలిక నేడు సాధ్యపడకపోవడానికి కారణం మొదటి కొలత లేకపోవడమే.

పంటల అభివృద్ధిలో మరొక సమాధానం ఉన్నది. ఆవ పంటకు పేనుబంక ప్రధాన శత్రువు. సాగు రకాలలో దీనికి గట్టి నిరోధకత లేదు. లుధియానాలోని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు మధ్యధరా ప్రాంతపు అడవి మొక్క బ్రాసికా ఫ్రూటిక్యులోసా నుంచి ఈ నిరోధకతను ఆవలోకి తెచ్చారు. కోల్‌కతాలోని బోస్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు పేనుబంకను తట్టుకొనడంలో రోరిప్పా ఇండికా జన్యువుల పాత్రను 2013లో ప్రకటించారు. గట్టున పెరిగే కలుపు మొక్క విలువ ఇక్కడ తెలుస్తుంది.

వామింట విషయం మన ప్రాంతానికి మరింత దగ్గరిది. జొన్న, మొక్కజొన్నల వలె ఇది సీ-4 కిరణజన్య సంయోగక్రియ గల మొక్క. కుక్క వామింట సీ-3 మొక్క. ఆవకు సన్నిహితమైన కుటుంబంలో ఈ రెండు పద్ధతులూ పక్కపక్కనే ఉండటం వలన సీ-4 విధానం ఎలా రూపొందిందో తెలుసుకొనే పరిశోధనలకు వామింట ముఖ్యమైన మొక్క అయింది. ఆఫ్రికాలోని కెన్యా మొదలైన దేశాలలో దీనిని ఆకుకూరగా సాగు చేసి సంతలలో అమ్ముతారు. ఆసియా, పశ్చిమాఫ్రికా, తూర్పు ఆఫ్రికా నమూనాల మధ్య మొక్క ఆకృతిలోను, పోషకాలలోను తేడాలు ఉన్నట్లు పరిశోధనలు చూపుతున్నవి. అటువంటప్పుడు పాలమూరు చెల్కలలో పెరిగే వామింట ఎటువంటిదో తెలియాలంటే దాని నమూనా, గింజ, చోటు నమోదు కావాలి. గట్లు తొలగించి కమతాలను చదును చేసినా, కలుపు మందులు విరివిగా వాడినా మొదట తగ్గిపోయేవి గట్టును నమ్ముకొన్న ఇటువంటి మొక్కలే. తగ్గిపోయిన తరువాత అది ఒకప్పుడు ఇక్కడ ఉన్నదని చెప్పడానికి షీటు తప్ప వేరే సాక్ష్యం ఉండదు.

విస్తరణ శాస్త్రవేత్తలు చేయదగిన పని

కొత్తకోట పరిసరాలలో ఈ పనికి కావలసిన సంస్థలు అందుబాటులోనే ఉన్నవి. మోజెర్లలో ఉద్యాన కళాశాల, మదనాపురంలో కృషి విజ్ఞాన కేంద్రం, పాలెంలో ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం, జడ్చర్ల ప్రభుత్వ కళాశాలలో తెలంగాణ బొటానికల్ గార్డెన్ ఉన్నవి. క్షేత్ర సందర్శనకు వెళ్ళే శాస్త్రవేత్త, గ్రామీణ అనుభవ కార్యక్రమానికి వెళ్ళే విద్యార్థి ఏడాదికి పది షీట్లు తయారు చేసినా కొన్నేళ్ళలో మండలాల వారీ ఆధారం ఏర్పడుతుంది. అందుకు పాటించదగిన పద్ధతి ఇది.

1. సేకరణ కాలం: తొలకరి తరువాత మొలిచిన మొక్కలు ఆగస్టు, సెప్టెంబరు నెలలలో పూతకు వస్తాయి. పూతలో ఒకసారి, కాయ ముదిరినప్పుడు మరొకసారి అదే చోటికి వెళ్ళాలి. పువ్వులు త్వరగా వాడిపోతాయి కనుక ఉదయపు వేళ మంచిది. కాలువ గట్ల మొక్కలను యాసంగిలో వెదకాలి.

2. నమూనా: ఏకవార్షిక మొక్కలను వేరుతో సహా తీయాలి. కుక్క వామింట జిగురు వలన వార్తాపత్రికకు అంటుకొంటుంది. మైనపు కాగితం మధ్య ఉంచి అదిమితే విడిగా వస్తుంది. కాగితాలను మొదటి వారం ప్రతిరోజు మార్చాలి. రాలిన గింజలను చిన్న కాగితపు పొట్లంలో వేసి షీటుకు అంటించాలి. 28 × 42 సెంటీమీటర్ల షీటు ప్రమాణంగా వాడుకలో ఉన్నది.

3. లేబుల్: శాస్త్రీయ నామం, స్థానిక నామం, ఊరు, మండలం, జిల్లా, రాష్ట్రం, అక్షాంశ రేఖాంశాలు, సముద్రమట్టం నుంచి ఎత్తు, తేదీ, సేకర్త పేరు, సేకరణ సంఖ్య ఉండాలి. ‘పొలం’ అని ముగించక, ‘వానాకాలపు వేరుశనగ, ఎర్ర చెల్క, గుట్ట పాదం, గట్టుపై పది మొక్కలకు లోబడి’ అన్నంత వివరంగా రాయాలి. పువ్వు రంగు ఎండిన తరువాత మిగలదు కనుక దానిని తప్పక పేర్కొనాలి. మొక్క స్వయంగా మొలిచినదా, విత్తినదా అన్నది కూడా రాయాలి.

4. భద్రత: కొత్త షీట్లను గడ్డకట్టే చల్లదనంలో కొన్ని రోజులు ఉంచితే పురుగులు చస్తాయి. పాత షీట్లకు మెర్క్యూరిక్ క్లోరైడ్ పూసి ఉండే అవకాశం ఉన్నందున చేతి తొడుగులు లేకుండా తాకరాదు.

5. జమ: ఒక ప్రతి విశ్వవిద్యాలయ హెర్బేరియంకు, మరొకటి హైదరాబాదులోని సర్వేక్షణ సంస్థ కేంద్రానికి, గింజలను రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల జన్యువనరుల సంస్థ ప్రాంతీయ కేంద్రానికి పంపాలి. ఇంటి బీరువాలో ఉన్న షీటు శాస్త్రానికి లేనట్టే.

6. అనుమతి: పొలంలో రైతు అనుమతితో సేకరించాలి. అమ్రాబాదు పులుల అభయారణ్యంలో అటవీ శాఖ వ్రాతపూర్వక అనుమతి లేకుండా ఒక్క ఆకు కూడా తీయరాదు.

7. లేమిని కూడా నమోదు చేయడం: ఒక గుట్టను నిర్ణీత సమయం పాటు వెదకి ఆవ కుటుంబపు మొక్క ఏదీ కనిపించనిచో, ఆ తేదీ, చోటు, వెదకిన కాలం క్షేత్ర పుస్తకంలో రాయాలి. వెదకి లేదని చెప్పడానికి, వెదకకుండా లేదని చెప్పడానికి గల భేదం ఈ ఒక్క పంక్తితో స్పష్టమవుతుంది.

ముగింపు

దక్షిణ తెలంగాణ గుట్టలు హిమాలయాల వలె ఆవ కుటుంబానికి పుట్టినిళ్ళు కావు. ఇక్కడ ఆ వంశపు ప్రతినిధి వామింట. దానిని గురించి గ్రంథాలలో ఉన్న ఖాళీలు చాలావరకు పాత రాజ్యాల హద్దుల వలన, సాధారణ మొక్కలపై గల చిన్నచూపు వలన ఏర్పడినవి. పాత షీటును చదివేటప్పుడు పర్యాయ నామాలను, ఊరి గుర్తింపును సరిచూడాలి. కొత్త షీటును రాసేటప్పుడు మరొక కొత్తకోటతో పొరపాటు పడే అవకాశం లేనంత స్పష్టంగా రాయాలి. రానున్న వానాకాలంలో ప్రతి కృషి విజ్ఞాన కేంద్రం తన పరిధిలోని ప్రతి మండలం నుంచి పూవు, కాయ, గింజలతో కూడిన ఒక్కొక్క వామింట షీటును సేకరించి జమ చేయగలిగితే, పాలమూరు మెట్టకు మొదటి కొలత సిద్ధమవుతుంది.